డాక్ చివర మొదటి ముద్ద

వసుమతి తాను తినబోయే ముందు మొదటి ముద్ద తీసి బయట పెట్టేది. పప్పూ నెయ్యీ కలిపిన ముద్ద. దేశం దాటొచ్చాక ప్లేనో ఊళ్లో ఇంటి వెనక ఫెన్స్ మీద పెడితే కాకులు రావు, పొడుగు తోకల నల్ల పిట్టలు వస్తాయి. వాటినే కాకులనుకునేది. నేర్పింది వాళ్లమ్మ. ఎనభై నాలుగు మార్చిలో తెనాలిలో ఆవిడ పోయింది. అప్పటినుంచి ముద్ద ఎవరూ ముట్టకపోతే వసుమతికి అన్నం సయించేది కాదు.

భర్త దామోదర్‌కి టీవీలో జంతువుల ప్రోగ్రాములంటే పిచ్చి. ఆఫ్రికా వెళ్లి, మడుగు పక్కన గుడారంలో పడుకోవాలని కోరిక. అంత సెలవు దొరకలేదు. ఆ వేసవిలో లూసియానా చిత్తడిలో ఒక క్యాంపు బుక్ చేశాడు. దాని యజమాని ఆల్సీడ్, ఆయిల్ కంపెనీ పని మీద ఆఫ్రికాలో ఉండి వచ్చిన ముసలాయన. అక్కడి సఫారీ క్యాంపు చూసి వచ్చి, అలాంటి గుడారాలే వేశాడు. వంటపాక కట్టి, నీళ్లలోకి చెక్కలతో డాక్ వేశాడు.

వచ్చిన రోజే ఆల్సీడ్ చెప్పాడు. “మిగిలిన తిండి నీళ్లలో వేయకండి. అలవాటు పడితే మొసలికి మనిషంటే భయం పోతుంది.”

వసుమతి తల ఊపింది. మొదటి ముద్ద ఎంగిలి కాదు. మిగిలిందీ కాదు. నీళ్లలో వేయడమూ లేదు. ప్రతి పూటా డాక్ చివరి చెక్క మీద పెట్టి వచ్చేది. వెళ్లి చూస్తే ఉండేది కాదు. చెక్క తడిసి ఉండేది.

“అమ్మ ఇక్కడికీ వచ్చిందండీ.”

“వీసా ఎవరిచ్చారట?” అన్నాడు దామోదర్.

ఆమె నవ్వింది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.

తిరుగు ప్రయాణం రేపనగా, మధ్యాహ్నం భోంచేసి దామోదర్ చెయ్యి కడుక్కోవడానికి డాక్ చివరికి వెళ్లాడు. గొంతుకూర్చుని కుడిచెయ్యి నీళ్లలో పెట్టాడు.

నీళ్లు పేలినట్టు లేచాయి. చెయ్యి మోచేతి దాకా మొసలి నోట్లో ఉంది. అది ఒక్క గుంజు గుంజి, పొర్లింది. చేతితోపాటు దామోదర్ తిరిగాడు. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు వంటపాక దాకా వినిపించింది. ఎడమచేత్తో అతను డాక్ గుంజను పట్టుకున్నాడు. గోళ్లు ఊడినా వదల్లేదు.

వసుమతి చేతికందింది కుక్కర్. అది పట్టుకుని పరిగెత్తింది. మొసలి మూతి మీద కొట్టింది. పప్పు చింది ఆమె మొహాన పడింది. మళ్లీ కొట్టింది. కంటి మీద కొట్టింది. కన్ను చితికింది. అయినా వదలలేదు. పిడి విరిగిపోతే ఉత్త గిన్నెతో కొట్టింది.

“వదలవే! వదలవే ముండా!”

పుట్టి బుద్ధెరిగి ఆమె ఆ మాట అన్నది అప్పుడే.

ఆల్సీడ్ తుపాకీ తెచ్చి దాని మెడ వెనక ఆనించి కాల్చాడు. చచ్చాక కూడా నోరు తెరుచుకోలేదు. తెడ్డు దూర్చి ఇద్దరూ దవడ బలంగా ఎత్తారు. చెయ్యి బయటికి వచ్చింది. ఎముకలు, తోలు, చొక్కా ఒకటిగా నలిగి ఉన్నాయి.

“దీనికెవరో తిండి మప్పారు. లేకపోతే డాక్ దగ్గరికి రాదు,” అన్నాడు ఆల్సీడ్, బెల్టుతో దామోదర్ భుజం బిగిస్తూ.

వసుమతి మొసలి నోట్లోకి చూసింది. పళ్ల సందున పసుపు మెతుకులు ఆమెకూ కనిపించాయి.

అతన్ని ట్రక్కులో వెనక పడుకోబెట్టారు. తల ఆమె ఒళ్లో ఉంది. చీర కుచ్చెళ్లు నెత్తుటికి బరువెక్కాయి. దామోదర్ పెదవులు కదిపాడు. ఆమె వంగింది.

“మీ అమ్మకి నేనంటే ఎప్పుడూ పడదు,” అన్నాడు. తర్వాత స్పృహ పోయింది.

ఆసుపత్రిలో చెయ్యి నిలబెట్టాలని డాక్టర్లు రాత్రంతా కుట్టారు. తెల్లారేసరికి వేళ్లు నల్లబడ్డాయి. జ్వరం పేలిపోతోంది. విషం ఒంట్లోకి పాకుతోందని, చెయ్యి ఉంచితే మనిషి దక్కడని చెప్పారు. అతను లేచి చెప్పే స్థితిలో లేడు. భార్యే చెప్పాలి.

అతను బొమ్మలు గీసే చెయ్యి. తాళి కట్టిన చెయ్యి. వసుమతి దాన్ని ముట్టుకుంది. చల్లగా ఉంది. నుదురు ముట్టుకుంది. కాలుతోంది.

“టేక్ ఇట్,” అంది డాక్టరుతో.

మంచం తోసుకుపోతుంటే పక్కనే నడిచింది. తలుపు దగ్గర ఆపించి, అతని చెవి దగ్గర వంగింది.

“చెయ్యి తీసేయమన్నాను. ఆ ముద్ద పెట్టింది నేనే. తిట్టాలంటే బతికొచ్చి తిట్టండి.”