టీ మరకలు తినే గోడలు

వెంగళరావు నగర్‌లో మా పైవాటాలో ఉండే నటిని నేను పిన్నిగారూ అంటాను. తెర మీద ఎంతమంది హీరోలకు తల్లయ్యారో ఆవిడకే లెక్క తెలియదు. ఆ మధ్య ఒక సినిమా సగం అయ్యాక, దగ్గు ఆపుకోలేకపోతున్నారని తీసేసి ఆ వేషం ఇంకొకావిడకు ఇచ్చారు. అప్పటి నుంచి ఫోన్ మోగితే ముందు దగ్గంతా దగ్గేసి, గొంతు సవరించుకుని, ఆ తర్వాతే ఎత్తేవారు.

ఇన్నాళ్ళకు మళ్ళీ వేషం వచ్చింది. కొడుకు పెళ్ళికని కట్టుకున్న ఇంట్లోనే ఒకావిడ ముసలిదై చనిపోతుంది, ఇల్లూ ఆవిడతో పాటే పాడవుతుంది, అదీ కథ. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్‌లో సెట్ వేశారు. వానలకు ప్లైవుడ్ చెమ్మపట్టి లోపలంతా ఒకటే బూజు వాసన. మేకప్ టెస్ట్‌కు వెళ్ళిన రోజే పిన్నిగారు దగ్గి దగ్గి వచ్చారు.

"ఈసారి కూడా తీసేస్తే తట్టుకోలేను బాబూ. నీ మందేదో ఆ గోడలకు కొట్టకూడదూ?" అన్నారు.

నా మందంటే, వెలుతురు పడితే పనిచేసే నానోపొడి. దాన్ని తయారుచేయడమే నా ఉద్యోగం. చీకట్లో అది ఉత్త సుద్ద. వెలుతురు తగిలితే మాత్రం తనను ఆనుకున్న బ్యాక్టీరియాను చంపుతుంది, బూజునూ మురికినీ ముక్కలు చేసి మాయం చేస్తుంది, తాను మాత్రం అరగదు. మా ల్యాబ్‌లో బల్బుల కింద ఒక చిన్న మరక పోవడానికి రోజులు పట్టేది. పై అధికారులు వచ్చి చూసి, ఓపిక నశించి, టీ తాగి వెళ్ళిపోయేవారు.

ప్రొడక్షన్ మేనేజర్‌ను బతిమాలి సెట్ గోడలన్నిటికీ స్ప్రే చేశాను. నాలుగు రోజులు లైట్లు వేసి ఉంచేసరికి వాసన పోయింది. పిన్నిగారు నడిహాల్లో నిలబడి పొడుగాటి డైలాగు ఒకటి దగ్గకుండా చెప్పి, నా చెయ్యి పట్టుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ గోడల మీద తర్వాత ఏం పూస్తారో నేను అడగలేదు. సినిమావాళ్ళు పాత ఇల్లు కావాలంటే ముందు కొత్త ఇల్లు కడతారు, ఆ తర్వాత గుండిగలో టీ డికాషన్ మరిగించి, గుడ్డలతో అద్ది దాన్ని పాతది చేస్తారు. ఆ పనికో డిపార్ట్‌మెంటే ఉంది.

షూటింగ్ మొదలైన మర్నాడు ఆర్ట్ డైరెక్టర్ నన్ను పిలిపించాడు.

"ఏంది సార్ గిది? నిన్న గీ మూలకు తలుపంత మరక పెట్టిన. ఇయ్యాల అరచెయ్యంత లేదు. ఎవరన్న కడిగిన్రా?"

"ఎవరూ కడగలేదండీ. మీ షూటింగ్ లైట్లే. మా ల్యాబ్ బల్బులకు వందరెట్లు."

"లైట్లు కడుగుతయా సార్?"

మళ్ళీ పూశారు. మధ్యాహ్నానికి మళ్ళీ వెలిసిపోయింది. మరక కోసం అంత కష్టపడే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. డైరెక్టర్ నన్ను మానిటర్ ముందు కూర్చోబెట్టాడు. "చూడండి, కాఫీ కప్పు ఎత్తేటప్పుడు నలభై ఏళ్ళ ఇల్లు, దించేటప్పుడు పదేళ్ళ ఇల్లు. ప్రేక్షకుడికి నేనేం చెప్పాలండీ?"

నా పదార్థం అంత బాగా పనిచేసింది జీవితంలో అదే మొదటిసారి. ఒక్కరైనా మెచ్చుకుంటారేమోనని చూశాను. తిట్టనివాడు లేడు.

"గోడలు మారిస్తే మేడమ్ దగ్గుతారు. లేదంటే మేడమ్‌నే..." అని నిర్మాత ఆగిపోయారు. మేకప్ గది గుమ్మంలో పిన్నిగారు నిలబడి ఉన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఇల్లు పాతబడటమే కదండీ మీ కథ? వెనక నుంచి తీస్తూ రండి. ముందు చివరి సీను తీయండి. మరకలు పోతున్నకొద్దీ వెనక్కి రండి. ఇల్లు కొత్తదయ్యే నాటికి పెళ్ళి తీయండి."

చివరి సీనంటే పిన్నిగారి పాత్ర చావు. టెంకాయ కొట్టి హారతిచ్చిన మూడో రోజే శవాన్ని చూపించడానికి ఇక్కడ ఏ కెమెరాకూ ధైర్యం ఉండదు. నిర్మాత చెంపలు వేసుకున్నారు.

"మంచిగుండదు సార్," అన్నాడు ఆర్ట్ డైరెక్టర్.

"తీయండి నాయనా. నాకేం పట్టింపు లేదు," అన్నారు పిన్నిగారు.

మర్నాడు, అప్పుడే పూసిన మరకల మధ్య, ఆవిడ పోయారు. చాలా బాగా పోయారు. లైట్‌బాయ్‌లు కూడా కళ్ళు తుడుచుకున్నారు. కట్ చెప్పాక, కీడు అంటకూడదని, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఆవిడను లేపి కూర్చోబెట్టి కెమెరా వైపు నవ్వమన్నారు. ఆవిడ నవ్వారు. చాలండీ అని డైరెక్టర్ చెప్పినా ఆపలేదు.

ఇంటికి వస్తుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మొదట్లోనే చావు సీను చేశారే, భయం వేయలేదా అని అడిగాను.

"భయం దేనికి బాబూ? నా చావు వాళ్ళ కెమెరాలో ఉంది. రెండో చావు తీసే ధైర్యం వాళ్ళకు లేదు. ఇక నన్ను తీసేసి ఇంకొకరిని ఎలా పెడతారు?"