సకినంలో పడని బంతి

గాల్వేలో మేం నలుగురు అమ్మాయిలం అద్దెకుంటున్న ఇంట్లో, మెట్లెక్కగానే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మారా ఒకటి ఉంది. ఇక్కడి ఐరిష్‌వాళ్ళు అల్మారాను ప్రెస్ అంటారు, ఇలా ఎప్పుడూ వెచ్చగా ఉండేదాన్ని హాట్ ప్రెస్ అంటారు. ఎండ మొహం చూపించడానికి బెట్టుచేసే ఈ దేశంలో తడి తువాళ్ళు ఆరేదీ అందులోనే, నేను రుబ్బుకున్న దోసెపిండి పొంగేదీ అందులోనే. నిన్న పొద్దున తలుపు తీసేసరికి పులిసిన పిండి వాసనా, ఆరీ ఆరని బట్టల వాసనా, కింది అరలో గాలి తగ్గి పడి ఉన్న నా పాత బంతి రబ్బరు వాసనా కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కింద టీవీ ముందు నాతో ఉండే అమ్మాయిలు, కప్పు గెలవకుండా ముగిసిన సీజన్లలో ఎవరికి ఏది ఇష్టమో గట్టిగా వాదించుకుంటున్నారు. ఆడవాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే మా నలుగురికీ పిచ్చి. ఒకామె ఆఖరి క్షణంలో ఓడిన జట్టు పేరు చెప్పింది, ఇంకొకామె మోకాళ్ళు విరిగినా ఆడిన జట్టు పేరు చెప్పింది. “మరి నీదేది?” అని నాకు కేకేశారు. నాకూ ఒకటుంది. కానీ దాని గురించి చెప్పాలంటే మా అమ్మమ్మతో మొదలుపెట్టాలి, అంత ఓపిక వాళ్ళకు లేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు, మా కాపురం మెయ్‌నూత్ అనే ఊళ్ళో. అమ్మ మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. నాన్న ఉద్యోగం అప్పట్లో గాల్వేలో కాబట్టి వారానికోసారి చుట్టంలా వచ్చి వెళ్ళేవాడు. ఆ ఏడాది అమ్మ చెల్లెలు, మా మౌనిక చిన్నమ్మ, ఊళ్ళోని యూనివర్సిటీలో మాస్టర్స్ చదవడానికి జగిత్యాల నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగింది. వచ్చిన వారానికే బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. చదువు ఒక్క ఏడాదే కనుక ఆమెకు దొరికేదీ ఒక్క సీజనే. జనవరిలో అమ్మమ్మ కూడా వచ్చింది, సూట్‌కేసు నిండా గుండ్రంగా చుట్టి వేయించిన సకినాలతో.

చిన్నమ్మ జగిత్యాలలో బడి తరఫునా, జిల్లా తరఫునా ఆడింది కానీ అమ్మమ్మ ఒక్క ఆటా చూడలేదు. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. బిడ్డ ఆడే రోజున ఆకు కత్తిరించడమో, కట్టలు అప్పజెప్పడమో ఏదో ఒకటి ఉండేది. అందుకే ఆ చలికాలం సాయంత్రం మేం ఆమెను మొదటిసారి హాలుకు తీసుకెళ్ళినప్పుడు అమ్మమ్మ పెళ్ళికి వెళ్ళినంత హడావిడి చేసింది. చీర మీద నాన్న జాకెట్టు, తలకు మంకీ క్యాపు, సాక్సుల మీద హవాయి చెప్పులు వేసుకుని, చూసేవాళ్ళు పట్టుమని పాతికమంది కూడా లేని ఆ హాల్లో ముందు బెంచీ మీద కూర్చుని, బంతి పడే రింగును చాలాసేపు పరికించి చూసింది.

“గా సకినంల ఏసుడేనా ఆట?”

“అవునే అమ్మమ్మా.”

“మరి జర కిందికి పెట్టొచ్చు గద. పొల్లగాండ్లు అందుకోలేక సస్తున్నరు.”

ఆ వెంటనే చిన్నమ్మ చేతికి బంతి వచ్చింది. అమ్మమ్మ దిగ్గున లేచి, నలభై ఏళ్ళు వాకిట్లోంచి వాకిట్లోకి మాట్లాడి సానబెట్టిన గొంతుతో “ఎయ్ బిడ్డా! ఎయ్!” అని అరిచింది. హాలు హాలంతా తిరిగి చూసింది. బంతి సకినంలో పడింది. ఆ రోజు నుంచి మేం వెళ్ళని ఆట లేదు. ఎవరి చేతికి బంతి వచ్చినా అమ్మమ్మ అదే కేక వేసేది, ఆమె లెక్కలో ఆడే పిల్లలందరూ బిడ్డలే. ఎదుటి జట్టువాళ్ళకు మాత్రం ఆ మర్యాద లేదు. ఆట బిగువుగా ఉంటే చేతివేళ్ళు వాటంతటవే బీడీ చుడుతున్నట్టు కదిలేవి. నెల తిరక్కుండానే బెంచీ మీది ఐరిష్ అమ్మాయిలంతా ఆ కేక ఎత్తుకున్నారు. అందరికంటే పొడుగు, క్లాండాల్కిన్ నుంచి వచ్చే ఈఫాకు ‘డ్డ’ ఎంతకీ నోరు తిరిగేది కాదు, “ఎయ్ బిదా” అనేది. ఆమె పేరు అమ్మమ్మకూ నోరు తిరక్క “ఈపమ్మా” అని పిలిచేది. మా వైపు ఈపు అంటే వీపు. చిన్నమ్మ ఆ సంగతి చెబితే ఈఫా కడుపు పట్టుకుని నవ్వింది, ఆపైన ఆ పేరు తప్ప ఇంకోటి ఒప్పుకోలేదు.

ఇంట్లో హాట్ ప్రెస్ అమ్మమ్మ రాజ్యమైపోయింది. పిండి ప్రెస్సులో పెట్టామని అమ్మ మొదటిసారి చెప్పినప్పుడు, “పేపరోళ్ళకేం పని మన పిండితోని?” అని అడిగిన మనిషి, తర్వాత పై అర పిండికీ, కింది అర చిన్నమ్మ ఆకుపచ్చ జెర్సీకీ అని పంచి పెట్టింది. ఒకసారి పిండి పొంగి జెర్సీ మీదికి కారింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పూర్తిగా పోలేదు. ఈఫా ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది తమ నాన్న షెడ్డులో కాచే బీరులా ఉందని తేల్చింది. గెలుపులు ఆ వాసనతోనే వస్తున్నాయని జట్టుకు నమ్మకం కుదిరి, జెర్సీని మళ్ళీ సబ్బుతో ఉతకొద్దని చిన్నమ్మకు గట్టిగా చెప్పారు. అలా గెలుస్తూ గెలుస్తూ వాళ్ళు ఫైనల్‌కు వచ్చారు. మార్చిలో శనివారం, గాల్వేలో. నాన్న అక్కడే ఉంటాడు కాబట్టి మా అందరికీ పండగే. అమ్మమ్మ బస్సులో జట్టంతా తినడానికి సర్వపిండి చేస్తానని బుధవారమే బియ్యప్పిండి కలుపుతూ కూర్చుంది.

గురువారం బడిలో ఉండగానే, పుస్తకాలన్నీ ఇంటికి పట్టుకుపొమ్మని టీచరు చెప్పింది. అంటురోగం భయంతో దేశమంతా బళ్ళూ కాలేజీలూ మూత. ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తోంది. ఫైనల్ వాయిదా పడిందట, కొత్త తేదీ తర్వాత చెబుతారట. రద్దు అనే మాట ఎక్కడా లేదు.

“వాయిదానా? కోర్టు కేసు లెక్కనా?” అంది అమ్మమ్మ. తర్వాత చిన్నమ్మ తల నిమిరి, “పెడ్తరు తియ్యి బిడ్డా,” అంది. చేసిన సర్వపిండి మేమే రెండు రోజులు చల్లగా తిన్నాం.

తర్వాతి వారాలు నాకు ఇప్పటికీ ఒకటే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. ఎన్నడూ లేనిది ఆ ఏడు ఎండ విరగకాసింది, దాన్ని అనుభవించడానికి మాత్రం ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి పోకూడదు. ఉగాదికి వేపపూత దొరక్క అమ్మమ్మ పెరట్లోని డాండిలయన్ పూలు తుంపి పచ్చడిలో కలిపింది. చేదుకు చేదు సరిపోయింది కానీ ఎవరం రెండోసారి పోసుకోలేదు. నాన్న గాల్వేలోనే చిక్కుకుపోయాడు. మందుల ఫ్యాక్టరీ మూయలేదు కాబట్టి అమ్మ రోజూ వెళ్ళేది, చిన్నమ్మ సూపర్‌మార్కెట్‌లో చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వెళ్ళేది. ఇద్దరూ గుమ్మం బయటే చెప్పులు విడిచి తిన్నగా స్నానానికి నడిచేవాళ్ళు. అమ్మమ్మ తిరుగు విమానం కూడా రద్దయింది. రోజూ టీ తాగుతూ “మ్యాచు ఎప్పుడట?” అని అడిగేది, చిన్నమ్మ రోజూ “ఇంకా చెప్పలే అమ్మా” అనేది. కొన్నాళ్ళకు ఆ ప్రశ్న వినగానే చిన్నమ్మ లేచి వెళ్ళిపోసాగింది. బంతి ముట్టుకోవడం అప్పటికే మానేసింది.

ఈస్టర్ దాటాక అమ్మమ్మకు దగ్గు మొదలైంది. పాత బీడీ దగ్గే అనుకున్నాం. మూడో రోజుకు గుమ్మం దాకా నడవలేకపోయింది. మా జీపీ డాక్టరు ఫోనులోనే ఆమె ఊపిరి విని అంబులెన్సు పిలవమన్నాడు. కళ్ళు తప్ప మరేం కనిపించని ఇద్దరు మనుషులు వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు, వెంట ఎవరూ రాకూడదన్నారు. అమ్మమ్మ మంకీ క్యాపు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, “నాకు ఇంగ్లీషు రాదు గదనే,” అంది. వాన లేదు, గాలి లేదు, వీధి అంతా మెరిసిపోతోంది. మేం ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. నేను అంత భయం మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

రోజుకొకసారి వార్డు నుంచి ఫోను వచ్చేది. “షీజ్ గ్రాండ్,” అనేది నర్సు. చిన్నమ్మకు ప్రాణం లేచివచ్చింది, మా ఊళ్ళో పెళ్ళి గ్రాండ్‌గా జరిగిందంటే ఎంత బాగా జరిగినట్టు! అమ్మ మాత్రం ఈ దేశంలో అయిదేళ్ళుగా ఉన్న మనిషి. “గ్రాండ్ అంటే బతికున్నదని. గంతే,” అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికే అమ్మ మాతో కూర్చుని తినడం మానేసింది. చిన్నమ్మ చేతులు కడిగి కడిగి తోలు లేచిపోయాయి. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు మెట్ల మీద, హాట్ ప్రెస్ తలుపుకు ఆనుకుని కూర్చున్నప్పుడు వంటింట్లోంచి ఇద్దరి మాటలూ వినిపించాయి.

“ఈ రోగం నా షాపుల కెల్లే అచ్చింది అక్కా.”

“కాదు. మా కంపెనీల ఇద్దరికి అచ్చింది. నేనే తెచ్చిన.”

“నేనే అంటున్న గద!”

తప్పు నాదంటే నాదని అక్కచెల్లెళ్ళు దెబ్బలాడుకోవడం నేను అంతకుముందు వినలేదు. ఎవరి వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు, ఈ రోజుకీ తెలియదు. ఆ పోట్లాట తర్వాత ఇద్దరూ నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు, ఆ పూట నుంచి అమ్మ మళ్ళీ మాతో కలిసి తిన్నది.

ఆ మర్నాడు ఫోను చేసింది నర్సు కాదు, ఈఫా. క్లాసులు ఆగిపోయాక ఆమె ఆ ఆసుపత్రిలోనే రోగులకు సాయపడే పనిలో చేరిందట. ఒక పెద్దావిడ ఆక్సిజన్ మాస్కు పెట్టనివ్వడం లేదని, పెట్టినప్పుడల్లా పీకేస్తోందని, ఎవరు నచ్చజెప్పినా భాష అందడం లేదని విని, అనుమానం వచ్చి చూడబోయింది. అమ్మమ్మే. కానీ మాస్కులూ కళ్ళద్దాలూ వేసుకున్న మొహాల్లో ఆమెకు ఈఫా మొహం ఏం తెలుస్తుంది? ఈఫా మంచం పక్కన వంగి, తనకొచ్చిన ఒక్క తెలుగు మాటా అంది. “ఎయ్ బిదా.”

అమ్మమ్మ తల తిప్పి చూసిందట. “ఈపమ్మనా?” అందట.

తర్వాత మాస్కు తొడిగి, ఒక్కో ఊపిరికీ “ఎయ్ బిదా” అంటూ ఈఫా పక్కనే కూర్చుంది. డ్యూటీలో ఉన్న రోజులన్నీ అలాగే చేసింది. పని అయిపోయాక మాకు ఫోను చేసి, ఇవాళ ఇన్ని ఊపిర్లు బాగా పడ్డాయి, కొన్ని రింగుకు తగిలి బయటికి పోయాయి అని ఆట సంగతుల్లా చెప్పేది. చిన్నమ్మ ఆ ఫోను ముందు చేతులు జోడించేది, అవతలి మనిషికి కనిపించదని తెలిసీ.

అమ్మమ్మ బతికింది. ఇంటికి వచ్చేసరికి సగం మనిషి అయింది, గొంతైతే అసలు తిరిగి రాలేదు. మాట్లాడితే గాలి వచ్చేది, మాట దాని వెనక ఎక్కడో మెల్లగా వినిపించేది. మెల్లమెల్లగా అదే వస్తుందన్నారు డాక్టర్లు. ఆ ఎదురుచూపుల్లోనే ఎండాకాలం అయిపోయింది. ఆగస్టులో ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. వెళ్ళే ముందురోజు అమ్మమ్మ హాలు చూస్తానంది.

హాలుకు తాళం వేసి ఉంది. అద్దాల తలుపుకు మొహం ఆనించి చూస్తే, సకినాలు రెండూ పైకప్పుకు మడిచి కట్టి ఉన్నాయి, నేల మీద పరీక్షల కోసం కుర్చీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. “మన మ్యాచు కోసమేనా?” అని అమ్మమ్మ గాలి గొంతుతో అడిగింది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వెనక వైపుకు నడిపించింది. హాలు వెనక కార్లు నిలిపేచోట, వల చిరిగిపోయిన పాత రింగు ఒకటి గోడకు ఉంది. నా చేతిలోని బంతిని అమ్మమ్మ తీసుకుని చిన్నమ్మ వైపు చాచింది, నోరు తెరిచింది. కేక రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ రాలేదు. అది చూసి నేను మొహం తిప్పుకున్నాను.

చిన్నమ్మ బంతి తీసుకోలేదు. అమ్మమ్మ భుజాలు పట్టుకుని రింగు వైపు తిప్పి, అచ్చం ఆమె గొంతుతో, “ఎయ్ అమ్మా! ఎయ్!” అని అరిచింది. గోడల మీది కాకులన్నీ లేచిపోయాయి. అమ్మమ్మ రెండు చేతులతో, చేటలో బియ్యం ఎగరేసినట్టు బంతిని ఎగరేసింది. అది ఆమె తల ఎత్తుకు కూడా వెళ్ళకుండా కిందపడి ఒక కారు కిందికి దొర్లింది. అమ్మమ్మ నవ్వింది, నవ్వుతోనే దగ్గింది. “మల్లొక్కపారి,” అంది. చిన్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందినుంచి బంతి తీసింది, అయిదు నెలల తర్వాత ఆమె బంతి ముట్టుకున్నది అప్పుడే. అమ్మమ్మ అలిసిపోయేదాకా వేస్తూనే ఉంది, చిన్నమ్మ అరుస్తూనే ఉంది. ఒక్కటీ పడలేదు.

ఇప్పుడు ఆ పాత రింగు లేదు, గోడకు రంగు వేశారు. హాలుకు కొత్త నేల వచ్చింది. ఆమధ్య వేరే అమ్మాయిలు కప్పు గెలిస్తే వాళ్ళ ఫొటో గుమ్మంలో పెట్టారు. పక్కనే గెలిచిన జట్ల పేర్లున్న చెక్క పలక మీద మా ఏడాది ఎదురుగా ఏమీ రాసి లేదు. ఈఫా చదువు మార్చుకుని నర్సు అయింది. చిన్నమ్మ క్లాండాల్కిన్‌లో ఉద్యోగం చేస్తోంది, మూడేళ్ళ కొడుకున్నాడు, తెలుగులో చెబితే ఇంగ్లీషులో బదులిస్తాడు. జగిత్యాల వెళ్ళాక అమ్మమ్మ ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం వీడియోలో అదే గాలి గొంతుతో “మ్యాచు పెట్టిన్రా?” అని అడిగేది. “ఇంకా లేదే,” అనేదాన్ని. “పెడ్తరు తియ్యి,” అనేది. పోయిన ఏడు నిద్రలోనే పోయింది. ఆ తర్వాత ఆదివారాలు ఆ ప్రశ్న లేకుండానే గడిచిపోతున్నాయి.

నిన్న గిన్నె పక్కన పెట్టి, హాట్ ప్రెస్ ముందు నేల మీదే కూర్చుని, బంతి ఒళ్ళో పెట్టుకుని చిన్నమ్మకు ఫోను చేశాను.

“ఏంది బిడ్డా, పొద్దుపొద్దున్నే?”

“మ్యాచు ఎప్పుడట చిన్నమ్మా?”

అవతల వెనకనుంచి “మమ్మీ, వై ఆర్ యూ క్రయింగ్?” అని పిల్లవాడి గొంతు వినిపించింది. నేను ఫోను పెట్టెయ్యలేదు. చిన్నమ్మ ముక్కు ఎగబీల్చి గొంతు సవరించుకుంది.

“పెడ్తరు తియ్యి,” అంది.