పిడుగుల బ్యాండు, 'జర కూసో' పాట

మా బ్యాండు పేరు ఇక్కడ చెప్పను. ఇంగ్లీషులో పిడుగు అనీ భూకంపం అనీ రెండర్థాలూ వచ్చేలా నేనే పెట్టాను. అవి డెబ్భైల మొదటి రోజులు. ఆబిడ్స్‌లో దర్జీ దగ్గర బెల్‌బాటం కుట్టించుకుంటూ, కింద ఇంకాస్త వెడల్పు కావాలని పట్టుబడితే ఆయన టేపు మెడలో వేసుకుని "ప్యాంటా సాబ్, పర్దానా?" అని అడిగాడు. ఆ ప్యాంటు వేసుకునే నేను హైదరాబాదును దద్దరిల్లజేస్తానని నమ్మాను.

మేం ముగ్గురం. నాది లీడ్ గిటారు, గాత్రం, నాయకత్వం. నాయకత్వం ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు నాన్న ఆఫీసుతోపాటు మేమూ వచ్చి నాంపల్లిలో కిరాయి ఇంట్లో దిగాం. అప్పటికి నేను పలక పట్టే వయసువాణ్ణి. బేస్ గిటారు వాయించేవాడు గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా. తాతల కాలం నుంచీ వాళ్ళది హైదరాబాదే. డ్రమ్ములు వాయించేవాడు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పసుపు టోకున అమ్మే వ్యాపారి రెండో కొడుకు. మా ముగ్గురిలో పెళ్ళయినవాడు అతనొక్కడే. ఆ సంగతి బయట చెప్పొద్దని నేనే అన్నాను. పెళ్ళయిన డ్రమ్మర్ అంటే రాక్ బ్యాండుకు పరువు తక్కువని నా అభిప్రాయం.

సాధన ఆ డ్రమ్మర్ వాళ్ళ గోదాములోనే. పెద్ద డ్రమ్ము ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళు పారేయబోతుంటే తెచ్చింది. దాని మీద ఎర్ర రంగుతో రాసిన 'శుభ' అనే అక్షరాలు ఎంత గీకినా పోలేదు. అతను దాన్ని ఒక్క దెబ్బ కొట్టగానే మిర్చి బస్తాల మీది దుమ్మంతా లేచేది. మా పాటల్లో మొదటి చరణం తర్వాత తప్పనిసరిగా తుమ్ములుండేవి. ఆంప్లిఫయర్‌ను నాంపల్లి స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన పాత సామాన్లతో తయారుచేసి ఇచ్చాడు. పాడేటప్పుడు పెదవి మైకుకు తగిలితే జిల్లుమనేది. నా గొంతులో ఆవేశం ఉందని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కానీ అందులో సగం కరెంటే.

పాటలన్నీ ఇంగ్లీషులో, నేనే రాసేవాణ్ణి. వాటిలో 'బేబీ' అనే మాట ధారాళంగా పడేది. ఆ మాటతో పిలవదగిన మనిషి నాకు అప్పటివరకు ఒక్కరూ తెలియదు. ఒక హాస్టల్ వార్షికోత్సవంలో వాయిస్తే అన్నాలకు గంట కొట్టారనుకుని అందరూ లేచి వెళ్ళిపోయారు. ఒక పెళ్ళిలో పురోహితుడు తాళిబొట్టు పట్టుకుని, మేం ఆపేదాకా మంత్రం చదవనని కూర్చున్నాడు. జనం ఇంకా ఎదగలేదని నేను మా వాళ్ళకు వివరించాను.

అలాంటి రోజుల్లో మా బేస్ గిటారు అతను, తన బ్యాంకు ఉద్యోగుల వార్షికోత్సవంలో మా కార్యక్రమం ఒప్పించుకొచ్చాడు. కుర్చీలున్న హాల్లో, మెట్లున్న స్టేజీ మీద వాయించడం మాకదే మొదటిసారి. నేను కొత్త పాట రాశాను. అందులో చివర గిటారును నేలకేసి కొట్టినట్టు నటించే ఘట్టం కూడా పెట్టుకున్నాను. నిజంగా కొట్టడానికి ఇంకో కరెంటు గిటారు లేదు.

ముందురోజు సాయంత్రం బేస్ గిటారు అతను గోదాముకు వచ్చి బస్తా మీద కూలబడ్డాడు.

"చీఫ్ గెస్ట్‌కు మొన్ననే గుండెనొప్పి వచ్చిందట భాయ్. జోరు చప్పుడు వద్దని డాక్టర్ చెప్పిండట. ఆంప్లిఫయర్ బంద్, డ్రమ్ముల్ బంద్. నెమ్మదిగ ఏమన్న ఉంటే పాడున్రి, లేకుంటే మిమిక్రీ ఆయన్ను పిలుస్తం అంటున్రు."

కళ విషయంలో రాజీపడేది లేదని నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అయితే మిమిక్రీ ఆయన పేరు చెప్పడం నన్ను లోపల బాగానే కోసింది. పిడుగు స్థానంలో పిల్లికూతలా?

అప్పుడు మా డ్రమ్మర్, పుల్లలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా అన్నాడు: "నా తాన ఒక్క పాట ఉన్నది. గంత గొప్పదేం కాదు."

మా బ్యాండులో అందరికన్నా పెద్ద చప్పుడు చేసే మనిషి అతను. దగ్గితే బస్తా జారిపడుతుందని వాళ్ళ హమాలీలు నవ్వుకునేవారు. అతను గొంతు తగ్గించి, దాదాపు తనలో తాను పాడుకున్నట్టు పాడాడు:

"పొయ్యి ఆర్పినవు, గిన్నెలు కడిగినవు, ఇగ జర కూసో
ఏం మాట్లాడకు, ఏం అడగకు, ఉత్తగనే జర కూసో
అందరు నిన్ను పిలుస్తుంటరు, నేనొక్కణ్ణే పిలువను
పిలిస్తె మళ్ల లేస్తవేమో, ఉత్తగనే జర కూసో"

పాట భార్య కోసం కట్టాడట. ఇంట్లో పద్దెనిమిది మంది. పొద్దున లేచింది మొదలు ఆమెను ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చునే తీరికే ఉండదు. "ఆమెకు వినిపించావా?" అని అడిగితే, "ఏడ కూసోబెట్టి వినిపియ్యాలె?" అన్నాడు.

నాకు పాట నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడం నాయకుడికి తగదు కాబట్టి భాష సరిచేస్తానన్నాను. 'కూసో' బాగోలేదు, 'కూర్చో' అని ఉండాలన్నాను. మా ఇంట్లో అలాగే అంటారు, పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. కరెంటు అక్కర్లేని నా పాత పెట్టె గిటారు తీసి, "కాసేపు కూర్చో" అని నేనే పాడి చూపించాను.

మా డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టాడు. "బాగనే ఉన్నది. గని నువ్వు గట్ల అంటే హాజరు తీసుకునే సార్ లెక్క ఉన్నది. మా ఇంటామె కూసునుడు కాదు, లేచి నిలబడ్తది."

బేస్ గిటారు అతను ఎంత నవ్వాడంటే, అతని నవ్వుకు తుమ్ములు కూడా తోడయ్యాయి. అలా గాత్రం నా చేతిలోంచి పోయింది.

మర్నాడు స్టేజీ మీద మా వాలకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిడుగు, భూకంపం అర్థాలున్న పేరు వెనక గుడ్డ మీద పెద్దక్షరాలతో వేలాడుతోంది. దాని కింద డ్రమ్మర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పెట్టె గిటారుతో, బెల్‌బాటంతో స్టూలు మీద కూర్చున్నాను. బేస్ గిటారుకు కరెంటు లేదు కాబట్టి తాళానికి గలగలలాడించమని అతని చేతికి ఎర్ర పప్పు పోసిన డబ్బా ఇచ్చాం. ఏ చప్పుడు రాబోతోందోనని ముందు వరసలో చీఫ్ గెస్టు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

పాట మొదలైంది. మొదటి రెండు పంక్తుల దాకా నేను నా శ్రుతులే చూసుకుంటున్నాను. తర్వాత వింతగా అనిపించి తలెత్తాను. హాల్లో చప్పుడు లేదు. మేం వాయిస్తుంటే జనం లేచిపోవడం నాకు అలవాటే కానీ, కూర్చుని ఊరుకోవడం కొత్త. వెనక వరసల్లో ఉద్యోగుల భార్యలు టిఫిన్ పొట్లాలు విప్పుతూ విప్పుతూ ఆగిపోయారు. 'పిలిస్తె మళ్ల లేస్తవేమో' దగ్గర ఒకావిడ పక్కనున్న భర్తను తిరిగి చూసింది. ఆయన మాత్రం చెప్పులు చూసుకుంటున్నాడు.

అయిపోగానే చప్పట్లు. మళ్ళీ పాడమన్నారు, పాడాం. మిగతా కార్యక్రమమంతా అయ్యాక చీఫ్ గెస్టు స్వయంగా లేచి, ఇంకోసారి వినాలని ఉందన్నాడు. ఆయన గుండెకేమీ కాలేదు. నా గుండె సంగతి ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళకు, కాలేజీలకు, గణేశ్ పందిళ్ళకు పిలుపులు వచ్చాయి. అందరూ ఒక్కటే షరతు పెట్టేవారు, పెద్ద సామాను తేవద్దని. మొజంజాహీ మార్కెట్‌లో ముగ్గురం ఐస్‌క్రీం తింటుంటే కాలేజీ అమ్మాయిలు వచ్చి "జర కూసో పాట మీదే కదా?" అని మా డ్రమ్మర్‌ను అడిగారు. నేను జుట్టు సవరించుకుని, గిటారు నాదేనని చెప్పాను. "అవునా, గిటారు కూడా ఉందా?" అని ఒక అమ్మాయి మర్యాదగా ఆశ్చర్యపోయింది.

చివరికి రేడియోవాళ్ళు పిలిచి రికార్డు చేశారు. ప్రసారమయ్యే సాయంత్రం నాకు ఉస్మాన్‌గంజ్‌లో మా డ్రమ్మర్ వాళ్ళింట్లోనే భోజనం. రేడియో చుట్టూ పిల్లా పెద్దా అంతా చేరారు. అతని భార్య మాత్రం వంటింట్లో రొట్టెలు చేస్తోంది. అనౌన్సరు మా బ్యాండు పేరు చెప్పలేదు. ఒక లలిత గీతం అన్నాడు. నా పిడుగు అలా లలితమైపోయింది.

పాట సాగుతుండగా వంటింట్లో అప్పడాల కర్ర చప్పుడు ఆగింది. పాట అయిపోయాక అతని తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని, "గిన్నెలు కడిగే ముచ్చట రేడియోల చెప్పుకొంటరా?" అని గొణుక్కుంటూ బయటికి వెళ్ళాడు. అతని తల్లి మాత్రం కదల్లేదు. కొడుకును ఒకసారి చూసింది, వంటింటి వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"లే బిడ్డ, రొట్టెలు నేను చేస్త. పో, దాబా మీద జర కూసో పో."

"వద్దత్తమ్మా, ఇంక నాలుగే ఉన్నయి," అంటోంది కోడలు.

"ఏం మాట్లాడకు," అంది అత్త. పాటలో మాట అన్నానని ఆవిడకు తెలిసిందో లేదో కానీ, పిల్లలంతా ఘొల్లున నవ్వారు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ మా ముందునుంచే మెట్లెక్కింది. మా డ్రమ్మర్ నా వైపు చూశాడు. నేను భోజనం వడ్డిస్తారని ఎదురుచూస్తున్నాను. "నువ్వు పోవయ్యా," అన్నాను. అన్ని వందల మంది ముందు పాడినవాడు ఆ మెట్లెక్కడానికి సిగ్గుపడి చచ్చాడు. ఆ రోజు నుంచీ సాయంత్రాలు వంటింట్లో కొంతసేపు అత్తగారి వంతయిందని అతనే తర్వాత చెప్పాడు.

మా ఇంట్లోనూ ఆ పాట విన్నారు. మర్నాడు పొద్దున నాన్న పేపరు చదువుతూ అన్నారు: "నిన్న సాయంత్రం రేడియోలో ఎవరో కుర్రాడు ఎంత చక్కగా పాడాడు. గిటారు కూడా పద్ధతిగా వాయించారు. నువ్వూ ఉన్నావు, ఎందుకు?"

"ఆ గిటారు నేనే నాన్నా."

ఆయన పేపరు దించి, నా జుట్టునూ ప్యాంటునూ మళ్ళీ కొత్తగా చూశారు. "మరి ఇన్నాళ్ళూ ఆ చప్పుడంతా ఎందుకురా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

అంత పేరొచ్చాక బ్యాండు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక్క పాటకు ముగ్గురెందుకని జనానికే కాదు, మాకూ అనిపించసాగింది. ఇంకో పాట కట్టమంటే మా డ్రమ్మర్ తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు కూసుంటున్నం కద, ఇంక ఏమని రాయాలె?" అన్నాడు. అతను దుకాణం చూసుకోవడం మొదలుపెట్టాడు. బ్యాంకు గుమాస్తాకు వరంగల్ బదిలీ అయింది. నాకూ ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, జుట్టు కత్తిరించుకున్నాను. ఆంప్లిఫయర్‌ను నాంపల్లిలో మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణానికి ఇచ్చేశాను. దాంతో వాళ్ళు చాలా ఎన్నికల్లో అరిచారు.

కొన్నేళ్ళకు తెనాలి సంబంధం కుదిరి నా పెళ్ళయింది. మూడో రోజు మధ్యాహ్నం చుట్టాలంతా చేరి, రేడియోలో పాడినవాడివి కదా అంటూ పట్టుబట్టారు. పాడింది నేను కాదని చెప్పే అవకాశం వాళ్ళూ ఇవ్వలేదు, నేనూ పెద్దగా వెతకలేదు. గిటారు తీసి, 'కూసో' అనే పాడాను. అత్తవారి తరఫున ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. కొత్త పెళ్ళికూతురు చివరిదాకా బుద్ధిగా విని, అందరూ భోజనాలకు లేచాక నా పక్కకు వచ్చి మెల్లిగా అడిగింది:

"బావుందండీ. కాస్త హుషారుగా, గట్టిగా వాయించేదేమీ లేదా మీ దగ్గర?"

ఉండేదని చెప్పాను.