నిమ్మకాయ పరీక్ష

ఎదుటివాళ్లు తలూపితే చాలు, విషయం వాళ్ల తలకెక్కిందని నమ్మడం నా మూఢనమ్మకం. నాకు అలాంటివేవీ లేవని ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి చెప్పుకుంటున్నాను.

ఫిల్మ్ నగర్ బస్తీని ఆనుకున్న బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. సూర్యగ్రహణానికి ముందురోజు బోర్డు నిండా సూర్యచంద్రుల్నీ భూమినీ గీసి, రాహుకేతువుల్ని తరగతిలోంచి తరిమేసి, "అర్థమైందా?" అని గర్జించాను. "అర్థమైంది సార్!" అన్నాయి నలభై గొంతులు. మర్నాడు సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక టీవీ స్టూడియోకి వెళ్లి, గ్రహణం పట్టి ఉండగా, జ్యోతిష్కుడి ఎదుటే రెండు ప్లేట్ల పులిహోర తిన్నాను. మొదటిది సైన్సు కోసం. రెండోది బాగుందని.

తెల్లారి బడికి వెళితే ముందు బెంచీ అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అక్క కళ్లు తిరిగి పడ్డది సార్. ఏడో నెల. గ్రహణమని అమ్మ పొద్దుగాల నుంచి ఏం తిననియ్యలే."

"నేను చెప్పింది మీ అమ్మకు చెప్పలేదా?"

"చెప్పిన సార్. ఒట్టి నీడనే అన్న. ఎవరి నీడ, ఎవరి మీద పడ్తదే అని అడిగింది. నాకు రాలే."

"అర్థమైందన్నావు కదమ్మా!"

"అందరన్నరు, నేనన్న. మా అమ్మ షూటింగులల్ల గుంపుల నిలబడ్తది సార్. చెయ్యి లేపమంటే లేపాలె. ఎందుకని అడిగితే మల్ల పిలవరంట."

స్వాముల ముందు తలూపే జనాన్ని ఎన్ని వ్యాసాల్లో ఎండగట్టానో! నా తరగతిలో రోజూ అదే సీను తీస్తూ, మొదటి టేకుకే ఓకే చెబుతున్నాను.

పదిహేను రోజుల్లో, పౌర్ణమికి చంద్రగ్రహణం. అక్కకు మళ్లీ పస్తే.

"అర్థమైందా?" అని అడగడం మానేశాను. చిట్టీలు పంచి, చంద్రగ్రహణం ఎందుకు పడుతుందో రెండు వాక్యాలు రాయండి, పేరు అక్కర్లేదన్నాను. ఒక చిట్టీలో "సార్ మంచిగ చెప్తరు" అని ఉంది. ఇంకోదాంట్లో "రాహువు నీడ చంద్రుని మీద పడును". నా జీవితకాలపు కృషికి ఫలితం అది.

మర్నాడు సెల్‌ఫోన్ లైటు సూర్యుడైంది, బత్తాయి భూమి, నిమ్మకాయ చంద్రుడు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చూపించాలి, ఇంకొకరు వాళ్ల అమ్మలా మొండిగా అడగాలి. ఆ అమ్మాయి మూడుసార్లు తప్పు పెట్టింది. మూడుసార్లూ నేను నోరు మూసుకున్నాను. జ్యోతిష్కుడితో వాదించడం ఇంతకంటే సులువు. నాలుగోసారి బత్తాయి నీడ నిమ్మకాయ మీద పడింది. రెండూ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లింది.

గ్రహణం రోజున టీవీ వాళ్లు మళ్లీ పులిహోరకు పిలిచారు. వెళ్లాను. బస్తీలో ఒకామె తిన్నదో లేదో తెలియక ముద్ద దిగలేదు.

మర్నాడు గేటు దగ్గరే అడిగాను. "అమ్మ ఏమంది?"

"అర్థమైంది పో, అన్నది సార్."

ఆ మాటను నమ్మడం అప్పటికే మానేశాను.

"నేనినలే. ఏదీ, నువ్వు చూపెట్టు అని నిమ్మకాయ అమ్మ చేతుల పెట్టిన. ఏందే నీ లొల్లి అని తిట్టింది. ఒకపారి తప్పు పెట్టింది. రెండోపారి సరిగ్గ పెట్టింది."

"మరి అక్క?"

"పప్పన్నం తిన్నది సార్. చంద్రున్ని గూడ పిండుకున్నది."