నాయన పెట్టిన బంతి, ఖాజాబి పెద్దమ్మ బతుకమ్మ

మా చిన్నప్పుడు... బతుకమ్మ దగ్గర పడిందంటే మా పెరడంతా బంతి వాసనే. విత్తనాలు కొనడమనే మాటే లేదు. కిందటేడు దర్వాజాకు కట్టిన దండ ఎండిపోతే నాయన దాన్ని అటక మీద దాచేవాడు. తొలకరి పడగానే ఆ ఎండు పూలను నలిపి నా అరచేతిలో పోసేవాడు. రేకు రేకుకూ అడుగున ఒక విత్తు... నల్లగా, సన్నగా.

"బంతంటె ఒక్క పువ్వు గాదు బిడ్డా... ఓ వాడకట్టు" అనేవాడు, ఒక వీధిలోని ఇళ్లలా అన్ని విత్తులు ఒక్క పువ్వులో ఒదిగి ఉంటాయని.

మాది కోరుట్ల దగ్గర పల్లె. నాయన తాటిచెట్లు ఎక్కి కల్లు తీసేవాడు. అమ్మ బీడీలు చేసేది. పక్కింటి ఖాజాబి పెద్దమ్మదీ బీడీల పనే. రెండిళ్ల వాకిళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఇద్దరూ చెరో పక్క చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, చేతులకన్నా నోళ్లే ఎక్కువ ఆడేవి.

ఆ ఏడు కూడా నాయన బంతి విత్తాడు. మొక్కలు నా మోకాలి దాకా వచ్చాయో లేదో... వానకు తడిసిన తాటిచెట్టు మీంచి జారి పడ్డాడు. మళ్లీ లేవలేదు.

అమ్మ మాట్లాడటం మానేసింది. వండేది, నా తల దువ్వేది, బీడీలు చేసేది... మాట మాత్రం లేదు. ఖాజాబి పెద్దమ్మ గోడ అవతలి నుంచి రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది, జవాబు రాకపోయినా.

బంతి చెట్లకు ఇవేవీ తెలియవు కదా... విరగబూశాయి. పసుపూ, నారింజా, కొమ్మలు వంగిపోయేంత. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే, బతుకమ్మ పేర్చే వెదురు సిబ్బి పట్టుకుని పెరట్లోకి పోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గీ యేడు మనకు పండుగ లేదు బిడ్డా" అంది, వినీ వినపడకుండా.

ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది బతుకమ్మ పేర్చరు. అది నాకూ తెలుసు. కానీ నాయన పెట్టిన పూలు చెట్ల మీదే కుళ్లిపోతాయంటే నాయన ఇంకోసారి పోయినట్టే అనిపించింది. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పెద్దమ్మ విన్నది. చాట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని, గోడ మీదికి వంగింది.

"పండుగ ఆగింది మీ ఇంట్ల గదా? మా ఇంట్ల అసలే లేదాయె. లేని పండుగ ఆగుడేంది? పూలు తెంపుకొని మా వాకిట్లకు రా."

అమ్మ వైపు చూశాను. అవుననలేదు, కాదనలేదు. అంతే... నేను పెరట్లోకి ఉరికాను. పొలం గట్ల మీంచి తంగేడు, గునుగు కోసుకొచ్చాను. చామంతులు పెద్దమ్మే తెప్పించింది.

ఇక పెద్దమ్మ పేర్చడం చూడాలి! తన ఇంటి సిబ్బి తెచ్చి పెట్టుకుని, బంతి కాడలను బీడీ కత్తెరతో కత్తిరించి, బీడీ దారంతో కట్టలు కట్టింది. అడుగున ఉండాల్సిన తంగేడు పైన, పైన ఉండాల్సిన చామంతి అడుగున. కార్ఖానాలో అప్పజెప్పే బీడీ కట్టల్లాగే ఉంది గానీ బతుకమ్మలా లేదు. పైగా ఒక పక్కకు ఒరిగింది.

అమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. చూసి చూసి... ఇక తట్టుకోలేకపోయింది.

"అయ్యో, గట్ల గాదక్కా! కాడలు లోపటికి తిప్పు. పువ్వు మొఖం బయటికుండాలె!"

నాయన పోయాక అమ్మ గొంతు పెంచి అన్న మొదటి మాట అది.

"ఎట్లెట్ల? గిట్లనా?" అంటూ పెద్దమ్మ ఇంకో పువ్వును ఇంకా తప్పుగా పెట్టింది.

"గిట్ల గాదంటున్న గదా!"

"నాకేమెర్క రాజవ్వా? నీకత్తె నువ్వే అచ్చి చెయ్యి. వాకిలి నాది, సిబ్బి నాది. మైల గోడ దాటి రాదు తియ్యి."

అమ్మ గోడ దాటింది.

పేర్చిందంతా విప్పేసింది. నాయన పెట్టిన బంతిపువ్వుల్లోంచి ఒకటి తీసి ముఖానికి ఆనించుకుంది. ఒక్కసారిగా ఏడ్చేసింది. పెద్దమ్మ వీపు నిమురుతూ అంది... "ఏడువు. ఏడ్సుకుంటనే పేర్చు."

ఏళ్ల తరబడి మా బతుకమ్మలు చూసిన మనిషికి పేర్చడం నిజంగానే రాదా, రానట్టు చేసిందా? తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేదే తప్ప చెప్పలేదు, గడుసుది.

సాయంత్రం సిబ్బిని పెద్దమ్మే నెత్తికెత్తుకుంది. అమ్మ రాలేదు, నేను పెద్దమ్మ కొంగు పట్టుకుని వెళ్లాను. చెరువు దగ్గర ఒక ముసలామె నన్ను చూసి నొసలు ముడిచింది.

"సావైన ఇంటి పోరి గదా... గిది ఎవలి బతుకమ్మ?"

"మాది" అంది పెద్దమ్మ. "మా వాకిట్ల పేర్చినం. మీదాని కన్న పెద్దగున్నదని కండ్లు మండుతున్నయా?"

అందరూ నవ్వారు. ముసలామె కూడా నవ్వి, జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. పండుగకు బంతి, చామంతి కిలోల లెక్కన అంగట్లోనే దొరుకుతాయి. ఈమధ్య ఆస్టర్ అని ఊదా రంగు పూలు కూడా వస్తున్నాయి. బాగుంటాయి, కాదనను. మా అపార్ట్‌మెంట్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఏడు ఆ తలుపు మూసే ఉంటుంది. మేమంతా పాపం అనుకుంటూ, బతుకమ్మలతో ఆ తలుపు ముందు నుంచి చప్పుడు చేయకుండా దాటిపోతాం. దాన్నే మర్యాద అంటున్నాం.

ఖాజాబి పెద్దమ్మకు ఈ మర్యాద తెలియదు. తెలిసి ఉంటే మా నాయన పూలు చెట్ల మీదే పోయేవి.

మీ ఇంట్లో పండుగ ఆగిన ఏడు మిమ్మల్ని తమ వాకిట్లోకి పిలిచిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... ఉత్త పేరు రాసినా చాలు.