దివి మట్టి పూత

మా మావగారికి బొత్తిగా నచ్చని సామెత ఒకటుండేది. మెరిసేదంతా బంగారం కాదు. ఎవరి నోట ఆ మాట వచ్చినా ఆయన మొహం ముడుచుకునేవారు. చిలకలపూడిలో గిల్టు నగల దుకాణం పెట్టి, రాగి గాజుల మీద బంగారు పూత ఎక్కించి అమ్మి, సంసారాన్ని ఒడ్డున వేసిన మనిషి మరి. "బంగారం కాదని నేను చెప్పే అమ్ముతున్నాను కదా, మధ్యలో ఈ సామెతేంటి?" అనేవారు. నిజంగానే చెప్పేవారు. మోపిదేవి వెళ్లే యాత్రికులు దారిలో బందరులో దిగి, ఆయన దుకాణంలో గొలుసు చేతిలోకి తీసుకుని మురిసిపోతూ ఉంటే, బేరం చెడుతుందన్న బెంగైనా లేకుండా, "గిల్టమ్మా. తెలిసి కొనుక్కోండి" అని కుండ బద్దలు కొట్టేవారు. చెమట తగిలితే పూత ఎన్నాళ్లకి పోతుందో కూడా చెప్పి, ఆ తరవాతే పొట్లం కట్టేవారు.

నా తీరు దీనికి పూర్తిగా ఎదురు. గుడివాడలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పేదాన్ని. పేపర్లో వారానికోసారి కొత్త పరిశోధనల పేజీ వచ్చేది. అదంటే నాకు పిచ్చి. ఆదివారం పాసింజరు బండిలో బందరు వచ్చేటప్పుడు ఆ పేజీ మడిచి సంచిలో పెట్టుకుని, అత్తారింటి గుమ్మంలో చెప్పులు విప్పకముందే మొదలెట్టేదాన్ని. ఎక్కడో ఎలకల మీద పనిచేసిన మందు, నా నోట్లో పడేసరికి బస్టాండు పక్క మెడికల్ షాపులో దొరుకుతున్నట్టే ఉండేది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టారు.

ఒకసారి సాలీడు దారం గురించి చెప్పాను. అంతే మందం ఉన్న ఉక్కు తీగ కంటే అది గట్టిదని, దాన్ని లాబొరేటరీలో తయారుచెయ్యడానికి ప్రయత్నిస్తున్నారని, రేపో మాపో వలలు కూడా దాంతోనే అల్లుతారని. వలల సంగతి నేను కలిపిందే. వాకిట్లో చేపల బుట్ట దించిన మనిషి అంతా శ్రద్ధగా విని, "సాలెగూట్లో ఈగలు పడతాయి గానీ చేపలు పడతాయా అమ్మగారూ?" అంది. మావగారు ఆ మాటని ఏడాది పొడుగునా వాడుకున్నారు.

ఇంకోసారి తామరాకు సంగతి. తామరాకు మీద నీళ్లు ఎందుకు నిలవవో కనిపెట్టి, అలాంటి పూతే గాజు మీద వేస్తున్నారని, ఇక మరకలన్నవి అంటవని చెప్పాను. మా అత్తగారు అంట్లు తోముతున్న చెయ్యి ఆపి, "ఆ పూత మన గిన్నెలకి ఎప్పుడొస్తుందమ్మా?" అని ఆశగా అడిగారు. నేను నోరు తెరిచేలోగా మావగారు అందుకున్నారు. "పూతంటేనే పోయేది. నువ్వు తోముకోవే." అప్పటినుంచి నేను వెళ్లినప్పుడల్లా "ఏమ్మా పరిశోధనా, తామరాకు గిన్నెలొచ్చాయా?" అన్నదే నాకు స్వాగతం.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి ఆయనకి గుండెలో పట్టేసింది. దుకాణం తాళం తీస్తూ మెట్టు మీదే కూలబడ్డారు. బందరులో చూసి బెజవాడ పంపారు. బెజవాడలో రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి ఫోటోలు తీశారు. అక్కడి గుండె డాక్టరు మా కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు గానీ ఓపిక ఉన్నవాడు. ఒక రక్తనాళం బాగా మూసుకుపోయిందనీ, స్టెంటు పెట్టాలనీ, ఆలస్యం చెయ్యొద్దనీ చెప్పాడు. పెన్నులో స్ప్రింగు లాంటి జాలీ గొట్టాన్ని సన్నటి తీగ మీదుగా గుండెదాకా పంపి, బెలూనుతో విప్పుతారట. మావగారు ముందుకి వంగి వింటున్నారు. పనితనం కబుర్లంటే ఆయనకి ఆకలి కూడా వెయ్యదు. ఇక ఒప్పుకున్నట్టేనని నేను అనుకుంటూ ఉండగా, డాక్టరు ఆ మాట అనేశాడు.

"ఇప్పుడు కొత్తరకం వచ్చాయండీ. పైన పూత ఉంటుంది."

మావగారు వెనక్కి జారబడ్డారు. "దేని మీద పూతండీ?"

"స్టీలు మీదండీ."

"డాక్టరు గారూ, నేను గాజులకే రాగి వాడతాను. గుండెకి గిన్నెల స్టీలా?"

"అది వేరే స్టీలండీ."

"పోనీ, పూత ఎన్నాళ్లుంటుంది?"

డాక్టరు నిజాయితీపరుడు. అదే కొంప ముంచింది. "పూతలో ఉన్న మందు కొన్ని నెలల్లో మెల్లగా పోతుందండీ. అలా పోవడానికే..."

"పోతుందట" అని మావగారు నాతో చెప్పారు, నేను విననట్టు.

పూత లేనిది కూడా ఉందని డాక్టరు చెప్పాడు. కాకపోతే మావగారిలా షుగరున్నవాళ్లకి ఆ జాలీలో మళ్లీ కండ పెరిగి దారి మూసుకుపోయే భయం ఎక్కువట. పూతలో మందు ఉండేది ఆ కండ పెరగకుండా ఆపడానికేనట. మావగారు అంతా విన్నారు. "ఒకదాంట్లో పూత పోతుంది. ఇంకోదాంట్లో దారి మూసుకుపోతుంది. రెంటికీ గ్యారంటీ లేదు. నా కొట్లో ఇలాంటి సరుకు పెడితే బందరు జనం నన్ను నడిబజార్లో నిలబెట్టి అడుగుతారు" అని లేచారు. బతిమాలినా, కోప్పడినా వినలేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మందులు రాయించుకుని ఇంటికొచ్చేశాం.

ఆ తరవాత కొన్నాళ్లు నా మనసు అసలు బాగాలేదు. ఎప్పుడూ ఆయన్ని ఎదిరించి మాట్లాడేదాన్ని, ఇప్పుడు బతిమాలుకునేదాన్ని. దుకాణానికి నడుస్తూ ఆయన మధ్యమధ్య ఆగేవారు. పక్క కొట్లో వేలాడే గొలుసులు చూస్తున్నట్టు నటించేవారు. ఆ గొలుసులు ఆయన పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. మా ఆయన వాదించారు, అలిగారు, మాట్లాడ్డం మానేశారు. నేను బొమ్మలు గీసి చూపించాను. "తామరాకు గిన్నెలు రానీ అమ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. ఇన్నాళ్లూ నేను కోసిన కోతలన్నీ కలిసి, నిజం చెప్పాల్సిన రోజున నా నోటికి విలువ లేకుండా చేశాయి. ఆయనకేమైనా అయితే ఆ పాపంలో నాకూ ఓ వాటా ఉంటుందనిపించి భయం వేసేది.

అత్తగారు మాత్రం ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పక్కనే కూర్చుని ఊపిరి చూసుకునేవారు. అన్నం సగంలో వదిలేసేవారు.

అత్తగారి పుట్టిల్లు మోపిదేవి పక్కన పల్లెటూరు. దివిసీమని వాళ్లు ఉత్త దివి అంటారు. అక్కడ పుట్టలో స్వామి మీద ఆవిడకి ఎంత నమ్మకమో, అక్కడి పుట్టమన్ను మీదా అంతే. ఒక రేకు డబ్బాలో అది ఎప్పుడూ ఉండేది. చెవిపోటు వచ్చినా, ఒంటి మీద పొక్కు లేచినా, కాస్త తడిపి రాసేవారు. మా పిల్లల చెవులకి కూడా రాశారు. నేను ఆవిడ చూడకుండా కడిగేసేదాన్ని. "మీ దివి వాళ్లకి మందుల కొట్టెందుకే, నేలంతా మందేగా" అని మావగారు పెళ్లయిన నాటినుంచీ ఆట పట్టిస్తూనే ఉన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. అత్తగారు వరండాలో గోంగూర వలుస్తున్నారు. మావగారు వాలుకుర్చీలో ఉన్నారు. నేను మళ్లీ మొదలెట్టాను.

"అది గిల్టు పూత కాదండీ మావయ్యగారూ, మందు పూత. ఆ మందు ఎక్కడ దొరికిందో తెలుసా? దీవి మట్టిలో. ఆ మట్టిలో ఉండే సూక్ష్మజీవి తయారుచేస్తుంది దాన్ని. మొదట ఫంగస్ జబ్బులకి వాడదామనుకున్నారట. తీరా చూస్తే కండ పెరగకుండా ఆపుతోందని..."

గోంగూర వలిచే చెయ్యి ఆగిపోయింది. "ఏం మట్టి?"

"దీవి మట్టి అత్తయ్యగారూ."

"దివి మట్టే!"

ఒక్క దీర్ఘం. నేను చెప్పిన దీవి ఎక్కడో మహాసముద్రం మధ్యలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే మా బందరు రేవులో ఎక్కి జీవితం మీద ఆశ వదులుకోవాలి. ఆవిడ విన్న దివి పులిగడ్డ వంతెన దిగితే వస్తుంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహం చూశాను. ఇన్నాళ్లుగా మాసిన బట్టలా ఉన్న మొహం. దాంట్లోకి ఏదో వెలుగు వచ్చి కూర్చుంది.

"ఆఁ" అన్నాను.

అయినా దివి అన్నా దీవి అన్నా నీళ్లు చుట్టుకున్న నేలేగా. కృష్ణ రెండు పాయలై చుట్టేసింది కాబట్టే దానికా పేరు. నేను చెప్పింది అబద్ధమని ఏ నిఘంటువూ తేల్చలేదు. ఇప్పటికీ ఇదే నా వాదన.

అత్తగారు గోంగూర పళ్లెం పక్కకి తోసి లేచారు. "నవ్వారు! ఇన్నేళ్లూ మా మట్టిని చూసి నవ్వారు! దేశాలవాళ్లు వచ్చి పట్టుకెళ్లి గుండెలకి రాస్తున్నారంటే ఇప్పుడేమంటారండీ?"

"పూత పోతుందని ఆ డాక్టరే..."

"పోతే? కొట్లో ఆసిడ్ పడి మీ చెయ్యి కాలినప్పుడు నేను రాసింది పూత కాదూ? అదెక్కడికి పోయింది? ఒంట్లోకే కదా పోయింది! పోయింది కాబట్టే మానింది. గాజు మీద పూత ఉండాలండీ. పుండు మీద పూత పోవాలి."

ఈ మాట నాకెందుకు తట్టలేదా అని ఒళ్లు మండిపోయింది. మావగారు ఆవిడ వంకే చూస్తూ ఉన్నారు. ఆ తరవాత నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"దివి మట్టేనా అమ్మాయ్?"

"ఆఁ."

"అయితే ఇంకేం. అత్తారి మర్యాద కాదంటే బాగోదు. మీ ఆయన్ని బెజవాడకి ఫోన్ చెయ్యమను."

ఆపరేషన్ ముందు ఆ జాలీ గొట్టం చూపిస్తే గానీ పడుకోనన్నారు. డాక్టరు నమూనా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. మావగారు జేబులోంచి నగలు చూసే భూతద్దం తీసి, అటూ ఇటూ తిప్పి, "అతుకు లేదే!" అన్నారు. సన్నటి గొట్టాన్ని లేజరుతో కోసి జాలీ చేస్తారని డాక్టరు చెప్పాడు. "ఆ పనివాడెవరో గానీ చేతులకి దండం పెట్టాలండీ" అన్నారు. అది చేసేది మిషనని తెలిసి చాలా నిరాశపడ్డారు. అయినా పడుకున్నారు. అంతా సవ్యంగా జరిగింది. దుకాణానికి వెళ్తూ పక్క కొట్టు దగ్గర ఆగడం మానేశారు. నేను ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అత్తగారు ఈ వార్త వీధి వీధంతా చేరవేశారు. మావగారి గుండెలో తన పుట్టింటి మట్టి ఉందని పాలవాడి దగ్గర్నుంచి పంతులుగారి దాకా అందరికీ తెలిసిపోయింది. ఆవిడ తమ్ముడు దివి నుంచి వచ్చి, చేతిసంచిలోంచి మట్టి పొట్లం తీసి, "ఇది మా చేను గట్టుదమ్మా. ఇది కూడా పనికొస్తుందేమో ఆ డాక్టరు గారిని కనుక్కుంటావా?" అని అడిగారు. నోట్లో నువ్వుగింజ నానని నేను, ఇంత రహస్యాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాను. కొత్త పరిశోధనల పేజీ చదవడం మానలేదు గానీ, బందరు తీసుకెళ్లడం మాత్రం మానేశాను. పరిశోధన చప్పబడిపోయిందేంటని మావగారు ఎగతాళి చేసేవారు.

కొన్ని నెలలకి చెకప్ కోసం మళ్లీ బెజవాడ వెళ్లాం. అంతా బాగుందన్నాడు డాక్టరు. లేవబోతూ మావగారు, "ఆ మందు మట్టిలోంచి తీశారటగా, ఆ దీవి ఎక్కడుందండీ?" అని అడిగారు. దీర్ఘం స్పష్టంగా పలికారు.  పసిఫిక్ మహాసముద్రంలో అని డాక్టరు చెప్పాడు. మావగారు "ఓహో" అని తలూపి, నమస్కారం పెట్టి బయటికి వచ్చారు.

బయట బెంచీ మీద అత్తగారు ఎవరో ఆడమనిషి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ మనిషి భర్తని అప్పుడే లోపలికి తీసుకెళ్లారట. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. "ఏం భయం లేదమ్మా. ఆ మందు మా దివి మట్టే. మోపిదేవి స్వామి ఉన్న నేల. మా ఆయనకీ అదే వేశారు, చూడు, గుర్రంలా తిరుగుతున్నారు" అంటున్నారు. ఆ మనిషి కొంగుతో కళ్లొత్తుకుని, మొట్టమొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఇక ఆగలేకపోయాను. ఇంట్లో వాళ్లతో ఒక ఎత్తు, ఊరూ పేరూ తెలియని మనిషికి కూడానా అని, చెప్పేద్దామని ఒక అడుగు వేశాను. మావగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"మీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను మెల్లగా.

"ఆ రోజు నువ్వు ఆఁ అన్నప్పటినుంచీ. గిల్టుని అసలని చెప్పేవాళ్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"మరి తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు?"

ఆయన బెంచీ వైపే చూస్తున్నారు. అత్తగారు ఆ మనిషి జుట్టు సవరిస్తున్నారు.

"మీ అత్తయ్య మొహం మీద ఆ రోజు వచ్చిన మెరుపు చూశావా? ఇన్నేళ్లు పూత పూశాను, అంత మెరుపు ఏ నగకీ తేలేకపోయాను. గిల్టని తెలిసే కొన్నానమ్మా."