కార్తీకం చేయని చేప

నెలకోసారి చేపల తొట్టి ఫిల్టరు విప్పి, లోపలి నల్ల స్పాంజిని బకెట్లో పిండుతుంటే ఒక వాసన వస్తుంది. చెరువుగట్టు బురద, తడిసిన గోనెసంచి, వాన పడ్డ మర్నాటి మట్టి, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో అది. రాజ్‌కిశోర్ నగర్‌లో మా మేడమీది వాటాలో ఈ పని మొదలవగానే మా ఆయనకి బజార్లో ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది. మా అమ్మాయి "మమ్మీ, ఛీ, దర్వాజా బంద్ కరో" అని, తలుపెయ్యమని లోపలినుంచి అరుస్తుంది. నేను మాత్రం మోచేతుల దాకా ఆ నల్లనీళ్ళలో ముంచి, గట్టిగా ఊపిరి పీలుస్తాను. ఇది నలుగురికీ చెప్పుకునే అలవాటు కాదని తెలుసు. మానుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆ ఒక్క పీల్పుకి నాకు పదకొండేళ్ళు వచ్చేస్తాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చెక్క జాలీ కొట్టిన వరండా ఉన్న మా క్వార్టరు వచ్చేస్తుంది. మా వరసలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో రైల్వే పనికొచ్చి ఉండిపోయినవాళ్ళే. గుమ్మం బయట హిందీ, గుమ్మం లోపల మా ఊరి తెలుగు. వేసవి మధ్యాహ్నాలు కూలర్లో తడిసిన వట్టివేళ్ళ వాసనలో పడుకుంటే, యార్డులో వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు వరసగా ఈ చివరినుంచి ఆ చివరికి పోయేది, ఎవరో ఆకాశంలో ఇనప గొలుసు లాగుతున్నట్టు. వానాకాలం వరండాలో సుద్దతో బిల్లస్ గళ్ళు గీసుకుని ఒంటికాలి మీద గెంతేవాళ్ళం. చలికాలం చోడి అంబలి, అంటే రాగి జావ, నువ్వులుండలు, ఊరినుంచి ఏ చుట్టం వచ్చినా మూడు పొరల కాయితంలో చుట్టి తెచ్చే ఎండుచేపలు. ఆ మూడు పొరలూ ఆ చుట్టం తృప్తికే తప్ప, రైలుపెట్టెలో ఉన్నవాళ్ళందరికీ విజయనగరం దాటకముందే సంగతి తెలిసిపోయేదట.

మా నాన్న గూడ్సుబండి గార్డు. బండికి ఆఖరున ఉండడం ఆయనకి ఉద్యోగంలోనే కాదు, ఇంట్లోనూ అలవాటు. గొడవ ఏదైనా సరే, ఆయన దగ్గరికి చేరేసరికి సద్దుమణిగిపోయేది. ఇంటికి ఇంజను మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ. సన్నగా, పొడుగ్గా, చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చే మనిషి. ఆవిడ ఊళ్ళో ఆడవాళ్ళు అలాగే కాల్చేవారట. నిప్పు నోట్లో పెట్టుకుని కూడా తడబడకుండా మాట్లాడగలిగిన మనిషితో వాదనకి దిగేముందు ఎవరైనా కొంచెం ఆలోచించుకోవాలి. నేను ఆలోచించుకోలేదు. ఈ రాత అంతా దాని గురించే.

ముందు తొట్టి వచ్చింది. వెనక వరసలో ఉండే డ్రైవరుగారికి నాగపూర్ బదిలీ అయినప్పుడు, లారీలో పట్టని సామాన్లు కాలనీ ఆచారం ప్రకారం చుట్టుపక్కల పంచిపెట్టారు. మా వంతుకి వచ్చింది ఒక మూలనుంచి నీళ్ళు కారే మూడడుగుల గాజు తొట్టి. రోజూ కాసేపు చేపల్ని చూస్తే బీపీ తగ్గుతుందని ఎవరో చెప్పగా నాన్న ఆ మూలకి మందు పూసి, రెండ్రోజులు ఆరనిచ్చాడు. అర్పా నదినుంచి తెచ్చిన గులకని నేను ఏడు బకెట్ల నీళ్ళలో కడిగాను, ఏడో బకెట్లో గాని నా చెయ్యి నాకు కనబడలేదు. కుళాయి నీళ్ళకి క్లోరిన్ వాసన పోయేదాకా రెండ్రోజులు బకెట్లలో ఊరికే ఉంచాం. గాలి పంపు తగిలించాక, అగ్గిపెట్టెలో తుమ్మెదని పెట్టినట్టు ఇల్లంతా ఒకటే రొద. అప్పుడు నాలుగు గోల్డ్ ఫిష్షులు తెచ్చాం. దుకాణదారు వాటితోపాటు బొటనవేలంత నల్లటి పిల్లని కొసరుగా ఇచ్చాడు. ఒంటి మీద అక్కడక్కడ నిప్పు రంగు మరకలు. పేరు ఆస్కర్ అన్నాడు. మిగతా వివరాలేవీ చెప్పలేదు.

మూడు నెలల్లో ఆ కొసరు నా అరచేయంత అయింది. గోల్డ్ ఫిష్షులు నాలుగూ మూడయ్యాయి, మూడూ రెండయ్యాయి. పిల్లి ఎత్తుకుపోయిందని అమ్మ, బయటికి గెంతి ఉంటుందని నాన్న అన్నారు. నాలుగో దాని తోక నోట్లోంచి కనబడేదాకా దీన్నెవరూ అనుమానించలేదు. తర్వాత కూడా, "ఒక్కర్తే అయిపోతే బెంగెట్టుకుంటాదండీ" అని అమ్మ నాన్నచేత మరో చేపని తోడు తెప్పించింది. తెల్లారేసరికి తోడుకి సగం తోక లేదు. దాన్ని దుకాణానికి తిరిగిచ్చేశాం. ఒంటరిగా ఉండడమే హాయి అనుకునే ప్రాణి ఒకటుంటుందని, ఎప్పుడు చూసినా ఎవరో ఒక చుట్టం పక్క పరిచి ఉండే మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇల్లు తనదయ్యాక అది సామాన్లు సర్దుకోవడం మొదలెట్టింది. గులకని నోటితో ఎత్తి అటునుంచి ఇటు పోసేది, మట్టి కుండని ముక్కుతో తోసుకుంటూ మూలకి చేర్చేది, నేను తిరిగి మధ్యలో పెడితే నా వేలు కరిచేది. బరువైన గూడ్సుబండిని వెనకనుంచి తోసే ఇంజన్ని రైల్వేలో బ్యాంకర్ అంటారు. నాన్న దానికి ఆ పేరే పెట్టాడు. మూత తోసి గెంతకుండా పైన పీట బరువు పెట్టేవాళ్ళం. వారానికోసారి రబ్బరు గొట్టం నోటితో పీల్చి పావు వంతు నీళ్ళు తీసేదాన్ని; ఒక్కోసారి నోట్లోకి వచ్చేవి, ఆ రుచి గురించి ఇక్కడ రాయను. కుళాయి కాలవ పక్కన విరిగిన చెంచాతో వానపాములు తవ్వి పెట్టేదాన్ని, ఆదివారం బజారునుంచి పిడికెడు పచ్చి రొయ్యలు. నేను స్కూలునుంచి వస్తే అద్దానికి అంటుకుని ఒళ్ళంతా ఊపేది. ఇంట్లో ఇంకెవరూ నేనొస్తే అంత హడావిడి చేసేవారు కాదు.

అలా ఉండగా కార్తీకమాసం వచ్చింది.

మామ్మ కార్తీకం అంటే కార్తీకమే. నెల్లాళ్ళూ ఇంట్లోకి నీసు రాదు, ఉల్లిపాయ రాదు, ఎండుచేపల డబ్బా అటక ఎక్కుతుంది, సోమవారాలు చుక్క చూసేదాకా భోజనం లేదు. చుట్ట కూడా మానేసేది. పుణ్యమాసంలో మా ఇంట్లో శాంతి ఎందుకుండేది కాదో దీన్నిబట్టి అర్థమై ఉంటుంది. మొదటి రోజు పొద్దున్నే నా చేతిలో చెంచా చూసి ఆపింది.

"ఈ నెల్రోజులూ ఆ సేపకి పురుగులూ రొయ్యలూ ఎయ్యొద్దు."

"మరేం తింటుంది?"

"మనం తిన్నదే తింతాది. ఇంట్లో ఉన్నోలకి ఇంటి పద్దతే."

డ్యూటీకి బూట్లు వేసుకుంటున్న నాన్న తలెత్తి, "అచ్ఛా అమ్మా, నీసు ఇంట్లో ఉండకూడదంటే, ముందు అదే నీసు కదేటి?" అన్నాడు.

"బతికున్నది నీసెలాగవుద్దిరా? నీ బుర్రెప్పుడూ బండెనకాలే ఉంతాది."

నాన్న ఆ మాటకి జవాబు ఆలోచించుకుంటూ బండెక్కి రాయగఢ్ వెళ్ళిపోయాడు.

ఉడికించిన బఠాణీలు వేశాం. నానిన పెసలు, అటుకులు, కొబ్బరికోరు వేశాం. బ్యాంకర్ ప్రతిదాన్నీ నోట్లోకి తీసుకుని, కాసేపు మర్యాదగా ఉంచుకుని, అద్దం మీదికి ఉమ్మేది. ఉమ్మినవన్నీ అడుగున చేరి కుళ్ళి, నీళ్ళు కలి నీళ్ళలా తయారయ్యాయి. వారం దాటాక అది కుండ పక్కన ఒత్తిగిలి పడుకుంది. నేనొచ్చినా అద్దం దగ్గరికి రాలేదు. ఒంటి మీది నిప్పు మరకలు బూడిద రంగుకి తిరిగాయి. దుకాణదారుని అడిగితే నవ్వి, "బేటీ, యే పండిత్ థోడీ హై," అన్నాడు. అది పంతులు కాదన్న సంగతి నాకూ తెలుసు, చెప్పాల్సింది మామ్మకి.

"చచ్చిపోతుంది మామ్మా," అన్నాను.

"ఉపాసం ఉంటే ఎవులూ సావరు. నాను సచ్చేనేటి?"

ఈలోగా పక్క క్వార్టరు పైడమ్మత్త పెరుగు తోడుకి వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. పడుకున్న చేప నోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉంది. చేపలన్నీ ఊపిరి తీసేది అలాగే. పైడమ్మత్తకి మాత్రం రోమాంచమయింది.

"ఓలమ్మ! జపం సేత్తందే!"

"జపమేటే, అలిగింది," అంది మామ్మ. "రెండ్రోజులకి దారిలోకొత్తాది."

మామ్మ మాట ఎవరూ వినిపించుకోకపోవడం నాకు తెలిసి అదే మొదలు. సాయంత్రానికి గార్డుగారింట్లో చేప కార్తీకం చేస్తోందని కాలనీ అంతా పాకింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అద్దానికి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, ఎవరో పటికబెల్లం ముక్క నీళ్ళలో జారవిడిచారు. మా అమ్మ వచ్చినవాళ్ళకి టీలు పెట్టలేక చచ్చింది. కిందటి వారం దాకా ఎవరూ లెక్కచెయ్యని జీవం ఆకలితో పడిపోగానే దేవుడైంది. పెద్దయ్యాక ఇలాంటివి మనుషుల విషయంలోనూ చూశాను గాని, మొదట చూసింది తొట్టిలోనే.

మూడో సోమవారం సందెవేళ వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ తొట్టి ముందు పీట మీద దీపాలు పెట్టి కూచున్నారు. నేను కుళాయి దగ్గర్నుంచి వచ్చాను. నా గుప్పెట్లో వానపాములు. దొంగచాటుగా వెయ్యొచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. రెండుసార్లు ప్రయత్నించాను కూడా, భక్తుల మధ్యలోంచి చెయ్యి దూరలేదు. ఇక ఆ రోజు నేనేదో తిరుగుబాటు చేద్దామని కాదు. వానపాములు గుప్పెట్లో ఎక్కువసేపు ఉండవు. మూత తీశాను. అందరూ నావైపు తిరిగారు.

"ఎయ్యకు," అంది మామ్మ. అరవలేదు.

నేను ఆవిడ మొహంలోకి చూస్తూనే వేశాను.

ఒక క్షణం ఏమీ జరగలేదు. ఆ ఒక్క క్షణంలో నాకు నిజంగా భయమేసింది, మామ్మంటే కాదు, ఆలస్యమైపోయిందేమో అని. తర్వాత బ్యాంకర్ లేచింది. లేవడం కాదు, పేలింది. తోక దెబ్బకి ఎగిరిన నీళ్ళు సగం దీపాలార్పాయి, మామ్మ మడిచీర తడిపాయి, పైడమ్మత్త నోట్లో ఉన్న స్తోత్రం సగంలో ఆగిపోయింది. రెండు నోళ్ళుంటే బాగుండునన్నట్టు మింగి, అది ఇంకా ఏమైనా ఉందా అని అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు.

మామ్మ కొట్టలేదు. చెంగు పిండుకుంటూ, "తప్పయిందని సెప్పు," అంది.

"ఆకలేస్తే పెట్టడం తప్పా?"

"మాట మీరడం తప్పు."

ఇద్దరం చెప్పిందీ నిజమే కాబట్టి ఆ గొడవ తేలే మార్గం లేదు. నేను చెప్పను అన్నాను. మామ్మ తీర్పు చెప్పింది: నెల అయ్యేదాకా తొట్టి వరండాలో ఉండాలి, వరండా ఇల్లు కాదు కాబట్టి అక్కడ అది ఏం తిన్నా తనకి అభ్యంతరం లేదు. చేప బతికింది. చలి మొదలయ్యే రోజులు. నాన్న తొట్టి మీద పెద్ద బల్బు వేలాడదీశాడు. అయినా ఒకరోజు నేను లేచేసరికి తొట్టి చుట్టూ మామ్మ సొంత బొంత కప్పి ఉంది. నేను దానివైపు చూడడం ఆవిడ చూసింది.

"అద్దం సలికి పగిలిపోతే నా వరండా పాడవదేటి?" అంది, నాతో కాదు, గోడతో.

గోడతోనే మాట్లాడింది మిగిలిన కార్తీకమంతా. పోలి పాడ్యమినాడు దీపాలు వదిలి వచ్చి, తొట్టి లోపల పెట్టించమని నాన్నకి చెప్పింది. ఆవిడా నన్ను మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాడు ఎప్పట్లా జడ వేసింది, కాకపోతే కొంచెం బిగించి. మరుసటేడు కార్తీకం ముందురోజు ఆవిడే, "తొట్టి బయటెట్టండ్రా," అంది. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళు, ఆవిడ పోయేదాకా, ఏటా అదే పద్ధతి. బ్యాంకర్ ఆవిడ తర్వాత ఇంకో ఏడాది ఉంది.

ఇప్పుడా వరస లేదు. క్వార్టర్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపారు. చెక్క జాలీలు లేవు, కుళాయి కాలవ సిమెంటు కింద ఉంది, తవ్వినా వానపాము రాదు. మా వాళ్ళంతా తలో దిక్కూ ఇళ్ళు కొనుక్కున్నారు. కిందటి నెల మోప్కాలో ఒకరి గృహప్రవేశానికి వెళ్తే, పైడమ్మత్త కుర్చీలో కూచుని చుట్టూ పిల్లల్ని పోగేసుకుని చెబుతోంది: గార్డుగారింట్లో ఒక చేప నెల్లాళ్ళూ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా జపం చేసిందని, ఆఖరి సోమవారం దీపాలు వాటంతటవే ఆరి వెలిగాయని. పిల్లల్లో మా అమ్మాయి కూడా ఉంది, కళ్ళు ఇంతలేసి చేసుకుని.

"లేదత్తా," అన్నాను అందరి ముందూ. "వానపాములు తింది. వేసింది నేనే."

"ఊరుకోయే, నువ్వప్పటికి సిన్న గుంటవి, నీకేటి తెలుసు," అంది పైడమ్మత్త. అందరూ నవ్వారు. మా అమ్మాయి నావైపు జాలిగా చూసి, కుర్చీ ఇంకాస్త అత్త దగ్గరికి జరుపుకుంది. నేను మళ్ళీ చెప్పాను. భోజనాల దగ్గర ఇంకోసారి చెప్పాను. వడ్డించేవాళ్ళు కూడా నమ్మలేదు. ఎక్కడ ఎన్నిసార్లు ఎవరు ఆ కథ చెప్పినా కాదనే చెబుతాను, ఇక్కడ రాసిందీ అందుకే.

పోయినవాటి జాబితా ఎవరికి వాళ్ళకి ఉంటుంది. నాకు లోటైంది మాత్రం ఆ రోజు నా పక్షాన కాక నాకెదురుగా కూచున్న సాక్షి. మామ్మ ఉంటే ఒక్క మాటలో తేల్చేసేది, నా మీది కోపంతోనైనా: "జపం నేదు, ఉపాసం నేదు. ఈ గుంట నా మాట మీరి పురుగులేసీసింది, అది మింగీసింది. ఇప్పటికీ తప్పయిందని సెప్పలేదు."

నిజమే. చెప్పలేదు.